పక్క బడికి లక్షలు, మన బడికి పాతికవేలు: తేడా ఎక్కడుంది, ఏం అడగాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కోసిగి వైపు పల్లెలో మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా 41 మంది పిల్లలు. టీచర్ పోస్టులు రెండుంటే ఒకటి ఖాళీ. ఏడాదికి వచ్చే గ్రాంటు 25,000. ఆరేడు కిలోమీటర్ల అవతల పీఎం శ్రీ (ఎంపిక చేసిన బడులకి ఎక్కువ నిధులిచ్చే కేంద్ర పథకం) బడికి కంప్యూటర్లు, ల్యాబు, ఆట సామాన్లు దిగుతున్నాయి. ఎస్‌ఎంసీ (పాఠశాల యాజమాన్య కమిటీ) చైర్‌పర్సన్‌గా మీరు గ్రాంటు పెంచమని అర్జీ రాయాలనుకుంటున్నారు. "కూలోళ్ల పిల్లలని చిన్నచూపా?" అని కూడా అడిగారు.

అర్జీ తప్పకుండా పెట్టండమ్మా. కాకపోతే గ్రాంటు పెంచమని పెడితే "నిబంధనల ప్రకారమే ఇస్తున్నాం" అని రాసి మూసేస్తారు. వాళ్లు చెప్పేది అబద్ధం కూడా కాదు. మీ బడికి జరుగుతున్న అసలు నష్టం ఆ పాతికవేలలో లేదు, ఖాళీగా ఉన్న ఆ పోస్టులో ఉంది.

ముందు గ్రాంటు లెక్క చూద్దాం. కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద బడి నిర్వహణకి ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి మెట్లుగా ఉంటుంది. 30 మంది దాకా 10,000, 31 నుంచి 100 దాకా 25,000, 250 దాకా 50,000, వెయ్యి దాకా 75,000, ఆపైన లక్ష. ఇందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40. తలకి లెక్కేస్తే మీ బడిలో ఒక్కో పిల్లకి 610 రూపాయలు. ఆదోనిలో 900 మంది చదివే హైస్కూలు ఏదైనా తీసుకుంటే వాళ్లకి వచ్చే 75,000 తలకి 83 రూపాయలే. అంటే తలసరి చూస్తే మీకే ఎక్కువ, గ్రాంటు మీద మీ ఫిర్యాదు అక్కడే ఓడిపోతుంది.

అయినా ఆ డబ్బు చాలదన్నది నిజమే. కరెంటు బిల్లు, బోరు మోటారు రిపేరు, రిజిస్టర్లు, తాళాలు, కుళాయిలు, వీటికి పిల్లలు 41 మందా 90 మందా అన్న తేడా పెద్దగా ఉండదు. పైగా కనీసం పదో వంతు, మీ విషయంలో 2,500, శుభ్రతకే ఖర్చు పెట్టాలి. ఇంకో ఇబ్బంది మెట్టు అంచున ఉంది. 31 మంది ఉన్నంతసేపు 25,000, ఒక్కరు తగ్గితే 10,000. ఏకంగా 15,000 పోతుంది. మీకింకా పది మంది వెసులుబాటు ఉంది గానీ, సుగ్గికి (కోతల వలసకి) పోయే ఊళ్లలో పది మంది అంటే నాలుగైదు కుటుంబాలే.

ఇప్పుడు పోస్టు సంగతి. 2022 వేతన సవరణ ప్రకారం ఎస్‌జీటీ (ప్రాథమిక బడిలో చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్) మూల వేతనం 32,670 దగ్గర మొదలవుతుంది. డీఏ, ఇంటద్దె అలవెన్సు కలపకుండానే ఏడాదికి 3,92,040. ప్రభుత్వం మీ పిల్లల కోసం పెట్టాల్సిన డబ్బులో ఇంత మొత్తం ఆ పోస్టు ఖాళీగా ఉన్నన్నాళ్లూ మీ ఊరికి రావట్లేదన్నమాట. గ్రాంటుకి ఇది పదిహేను రెట్లకు పైనే. సర్కారు బడి ఖర్చులో సింహభాగం జీతాలే కాబట్టి ఏ బడికి డబ్బు అందుతోంది, ఏ బడికి అందట్లేదు అని చూడాలంటే హాజరుపట్టీలో టీచర్ల పేర్లు లెక్కపెడితే చాలు.

ఒక్క టీచర్‌తో ఏం జరుగుతుందో టైంటేబుల్ వేసి చూడండి. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మూడు, నాలుగు, ఐదుకి వాటితో పాటు పరిసరాల విజ్ఞానం. మొత్తం 18 పాఠాలు. ఒక్కోటి 40 నిమిషాలనుకుంటే 12 గంటలు. విద్యాహక్కు చట్టం ఐదో తరగతి లోపు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది, అంటే రోజుకి నాలుగు గంటలు. పన్నెండు గంటల పనిని ఏ టీచరైనా నాలుగైదు గంటల్లో ఎలా సర్దుతారు? ఒకటి, రెండు తరగతులకి పలక మీద దిద్దుకోమని ఇచ్చి, ఐదో తరగతికి లెక్క చెప్పి, మధ్యలో భోజనాల దగ్గర నిలబడి, యాప్‌లో హాజరు, ఫొటోలు ఎక్కించి. అందులో ముందుగా నష్టపోయేది ఒకటో తరగతి. అక్షరం కూడబలుక్కునే వయసులో పక్కన కూర్చుని చదివించే మనిషి లేకపోతే, ఆ లోటు ఆరో తరగతిలో ఇంగ్లీషు మీడియం సైన్సు పుస్తకం తెరిచినప్పుడు బయటపడుతుంది. మీ వైపు కన్నడం మాట్లాడే ఇళ్ల పిల్లలకైతే బడి తెలుగే రెండో భాష.

కలిగిన ఇల్లు ఈ లోటుని ట్యూషన్‌తో పూడ్చుకుంటుంది, లేదా పిల్లోణ్ని ఆదోని ప్రైవేటు బడి బస్సెక్కిస్తుంది. కూలి ఇంటికి ఆ దారి లేదు. కలిగిన పిల్లలు వెళ్లిపోయేకొద్దీ సంఖ్య తగ్గుతుంది, సంఖ్య తగ్గితే గ్రాంటు మెట్టు దిగుతుంది, చివరికి రెండో పోస్టుకే ఎసరొస్తుంది. మీ ప్రశ్నకి ఇదే నా జవాబు. పేదపిల్లలని ఎవరూ కాగితం మీద తక్కువ రాయలేదు. లెక్క కట్టే పద్ధతే అలా ఉంది, దెబ్బ మాత్రం బడి మార్చుకోలేని వాళ్లకే తగులుతుంది.

పోస్టులు మీ వైపే ఎందుకు ఖాళీ అవుతాయన్నదానికి బదిలీల నిబంధనలు చూడాలి. ఇంటద్దె శ్లాబునీ రోడ్డు సౌకర్యాన్నీ బట్టి ఊళ్లని నాలుగు కేటగిరీలు చేసి, ఏడాది సర్వీసుకి మొదటి కేటగిరీలో 1 పాయింటు, రెండులో 2, మూడులో 3, నాలుగులో 5 ఇస్తారు. లోపలి ఊళ్లలో పనిచేసినవాళ్లకి న్యాయం చేయాలని పెట్టిందే. ఆచరణలో మారుమూల పాయింట్లు కూడబెట్టుకున్న టీచర్ తర్వాతి బదిలీల్లో కర్నూలు, ఎమ్మిగనూరు రోడ్డు పక్క బడికి వెళ్లిపోతారు, ఆ ఖాళీలో డీఎస్సీ కొత్త టీచర్ వచ్చేదాకా ఎవరూ రారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే ఉమ్మడి కర్నూలుకే రెండున్నర వేలకు పైగా పడ్డాయి, అన్ని జిల్లాల్లోకీ అదే ఎక్కువ. అనంతపురం, కడపలకు ఒక్కోదానికి వెయ్యి లోపే. ఆ అంకె చూసి సంబరపడేవాళ్లున్నారు. ఎన్నేళ్లుగా ఎన్ని తరగతి గదులు టీచర్ లేకుండా నడిచాయో చెప్పే అంకె అది.

ఇంకో మెలిక ఉంది. కొన్ని బడుల్లో పోస్టు ఖాళీ ఉండదు, మనిషి ఉండరు. "పని సర్దుబాటు" పేరుతో టీచర్‌ని వేరే బడికి పంపుతారు. కాగితం మీద పేరు మీ బడిలోనే ఉంటుంది, జీతం ఇక్కడి పోస్టు మీదే డ్రా అవుతుంది. మీది నిజంగా ఖాళీనా, సర్దుబాటా అన్నది ముందు తేల్చుకోండి. రెండింటికీ అడగాల్సిన ఆఫీసు వేరు, అడగాల్సిన మాట వేరు.

అర్జీలో రాయాల్సిన చట్టం మాట ఇదీ. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లుండాలి. సెక్షన్ 26 ప్రకారం ఏ బడిలోనూ ఖాళీలు మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదు. మీ బడిలో రెండింట ఒకటి ఖాళీ, అంటే 50 శాతం. ఈ రెండు వాక్యాలూ, ఖాళీ అయిన తేదీ, పిల్లల సంఖ్య. అంతకుమించి ఒక్క మాట కూడా రాయకండి. పక్క బడితో పోలిక, పిల్లల పేదరికం, పాత హామీలు కలిపితే అధికారి వాటిలో సులువైనదానికి జవాబిచ్చి అర్జీ పరిష్కారమైందని నమోదు చేస్తారు.

పీఎం శ్రీ గురించి అడిగారు కాబట్టి చెప్తాను. 2022లో మొదలైన ఈ పథకంలో 14,500 బడులకు ఐదేళ్లకు 27,360 కోట్లు. సగటున బడికి కోటీ 88 లక్షలకు పైనే, ఏడాదికి 37 లక్షలకు పైనే. అందులో చాలావరకు పెద్ద బడులే కాబట్టి మీ పాతికవేలతో సూటిగా పోల్చడం సరికాదు. అయితే ఎంపిక ఎలా జరుగుతుందో చూడండి. పక్కా భవనం మంచి స్థితిలో ఉండాలి, ర్యాంపు, మరుగుదొడ్లు ఉండాలి, పిల్లల సంఖ్య రాష్ట్ర సగటు కన్నా ఎక్కువ ఉండాలి. అవి ఉన్న బడే దరఖాస్తు చేసుకోగలదు. మండలానికి మహా అయితే రెండు. ఉన్నమ్మ ఉన్నమ్మకే పెట్టె, లేనమ్మా ఉన్నమ్మకే పెట్టె అన్నట్టుంది వ్యవహారం. 41 మందితో మీరు ఆ వరుసలోకి వెళ్లలేరు, దానిమీద శ్రమ వృథా చేసుకోకండి.

జిల్లాల మధ్య కూడా ఇదే తంతు. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత కర్నూలులో దాదాపు 60 శాతం, అనంతపురంలో 63 పైచిలుకు, కడపలో 67. 2018లో కేంద్రం ఆకాంక్షిత జిల్లాలను (వెనకబడినవని ప్రత్యేకంగా చూసే జిల్లాలను) ఎంచినప్పుడు రాయలసీమ నుంచి చోటు దక్కింది మాత్రం కడపకి. ఎంపికలో ఇతర సూచికలూ ఉన్నాయి, కడపకి ఇవ్వడం తప్పనీ అనను. చదువు ఒక్కటే కొలిస్తే వరుస అలా ఉండేది కాదు.

ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు నుంచి ఇది చదువుతున్నవాళ్లకి ఒక మాట. సున్నపురాయి గనులున్న చోట జిల్లా ఖనిజ నిధి ఉంటుంది. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజుల నుంచి రాయల్టీలో 30 శాతం దానికి జమవుతుంది, ఆ తర్వాత వేలంలో ఇచ్చినవాటి నుంచి 10 శాతం. కలెక్టర్ చేతిలో ఉండే ఈ నిధి నుంచి గని చుట్టుపక్కల ఊళ్లలో తాగునీరు, చదువు, వైద్యం లాంటివాటికే ఎక్కువ వాటా ఖర్చు పెట్టాలి. గనికి దగ్గర్లో ఉండి తరగతి గదికి కప్పు లేకపోతే అక్కడ అడగండి. సిమెంటు కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద పెట్టే డబ్బు) కూడా స్థానిక ప్రాంతానికే ముందు పెట్టాలని చట్టం చెప్తుంది. కోసిగి, కౌతాళం, హొళగుంద వైపు అలాంటి దాతలు తక్కువ. తేడా పెరగడానికి అదీ ఒక కారణం.

ఇక మీరు చేయగలిగింది. మొదటి పని యూడైస్ (బడుల వివరాలన్నీ ఏటా నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్) రిపోర్టు కార్డు తీయించడం. ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది, మన రాష్ట్రానిది 28తో మొదలవుతుంది. ఆ కోడ్ కొడితే మీ బడి గురించి ప్రభుత్వానికి ఏం తెలుసో కనబడుతుంది. అందులో మూడు చోట్ల చూడండి.

ఒకటి, మరుగుదొడ్లు. ఎన్ని ఉన్నాయన్నది ఒక గడి, ఎన్ని పనిచేస్తున్నాయన్నది ఇంకో గడి. తలుపు ఊడి, ట్యాంకుకి నీళ్లెక్కక వాడని దొడ్డిని కూడా చాలా బడుల్లో "పనిచేస్తోంది" గడిలో వేస్తారు, తనిఖీలో మాట పడకూడదని. ఆ ఒక్క అంకెతో మీ రిపేరు అవసరం జిల్లా జాబితాలోంచి మాయమవుతుంది. నీళ్లు, కరెంటు, ప్రహరీ గడులు కూడా ఇలాగే సరిచూడండి. బడులు బాగుచేసే నాడు–నేడు పథకం రెండో విడతలో గోడలు లేచి ఆగిపోయిన గదులుంటే అవి వాడుకలో ఉన్న తరగతి గదుల లెక్కలో పడ్డాయేమో చూడాలి.

రెండు, టీచర్ల సంఖ్య. సర్దుబాటు మీద వెళ్లినవాళ్లు ఇక్కడ కనబడుతుంటే ఆ పేజీ ప్రింటే మీ సాక్ష్యం.

మూడు, పిల్లల సంఖ్య. లెక్క సెప్టెంబరు 30 నాటిది. ఇప్పుడు ప్రతి పిల్లకీ విడిగా పెన్ (శాశ్వత విద్యా సంఖ్య) నంబరు ఉంటుంది. వేరే బడి నుంచి వచ్చిన పిల్లని పాత బడి వదలకపోతేనో, ఇక్కడివాళ్లు తెచ్చుకోకపోతేనో పేరు డ్రాప్‌బాక్స్‌లో ఉండిపోతుంది. పిల్ల మీ గదిలో కూర్చుని ఉంటుంది, లెక్కలో ఉండదు. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో ఒకలా ఉంటే కూడా ఇబ్బందే. ఆగస్టులోనే హెచ్‌ఎం గారితో కూర్చుని హాజరుపట్టీనీ పోర్టల్ జాబితానీ పక్కపక్కన పెట్టి ఒక్కో పేరూ టిక్కు కొట్టండి. 28, 32 మధ్య ఊగే బడికి ఈ పని విలువ 15,000.

రెండో పని, వచ్చిన డబ్బు మురిగిపోకుండా చూడటం. 2021 నుంచి పద్ధతి మారింది. బడి ఖాతాలో డబ్బు పడదు, ఇంతదాకా ఖర్చు చేసుకోవచ్చన్న లిమిట్ పడుతుంది. బిల్లు పీఎఫ్‌ఎంఎస్‌లో (ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్‌లో) ఎక్కించి, ఆమోదమయ్యాక డబ్బు నేరుగా దుకాణదారు ఖాతాకి వెళ్తుంది. లిమిట్ తరచుగా ఆర్థిక సంవత్సరం చివర్లో వస్తుంది, మార్చి 31 దాటితే మిగిలింది వెనక్కి పోతుంది. మోటారు రిపేరు చేసిన మిస్త్రీకి బ్యాంకు వివరాలు సిస్టంలో నమోదు కాలేదనో, బిల్లు మీద తేదీ లేదనో ఆగిన చెల్లింపులు ఎన్నో. అందుకే జనవరిలోనే ఎస్‌ఎంసీ సమావేశం పెట్టి ఏం కొనాలో తీర్మానం రాసుకోండి, ఎలక్ట్రికల్ షాపు, స్టేషనరీ షాపు, మిస్త్రీ, ముగ్గురి ఖాతా వివరాలూ ముందే నమోదు చేయించండి. లిమిట్ పడిన రోజే బిల్లు ఎక్కాలి.

మూడోది, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక. చట్టంలో సెక్షన్ 22 కింద ఇది ఎస్‌ఎంసీ బాధ్యత, ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే డిసెంబరు లోపు తయారు కావాలి. జిల్లా, రాష్ట్ర వార్షిక ప్రణాళికలు ఆ తర్వాత కేంద్రానికి వెళ్తాయి. జూన్‌లో బడి తెరిచాక గది అడిగితే ఆ ఏడాది ప్రణాళిక అప్పటికే అయిపోయి ఉంటుంది. తాగునీరు, మరుగుదొడ్డి పనులకు పంచాయతీ వైపు కూడా చూడండి. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం నీరు, పారిశుధ్యానికే కట్టిపడేసింది. బడి కుళాయి పని పంచాయతీ ప్రణాళికలో చేరాలంటే అక్టోబరు 2 నాటికి సర్పంచ్ చేతిలో మీ తీర్మానం ఉండాలి.

సమాచార హక్కు దరఖాస్తు ఎలాగూ వేయాలి. మండల స్థాయి ఆఫీసుకి రుసుము 5 రూపాయలు, జిల్లా ఆఫీసుకి 10, తెల్లకార్డు ఉన్నవాళ్లకి ఏమీ లేదు, కార్డు జిరాక్సు జత చేస్తే చాలు. ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయానికి ఒకటి, జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయానికి ఒకటి. ప్రశ్నలు ఇలా ఉండాలి: ఫలానా కోడ్ బడిలో మంజూరైన పోస్టులెన్ని, ఖాళీ ఏ తేదీ నుంచి, ఈ రెండేళ్లలో ఇచ్చిన సర్దుబాటు ఉత్తర్వుల నకళ్లు, రెండు ఆర్థిక సంవత్సరాల కాంపోజిట్ గ్రాంటు లిమిట్ ఏ తేదీన ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత వెనక్కి పోయింది, తల్లికి వందనంలో (బడి పిల్లల తల్లులకి డబ్బిచ్చే రాష్ట్ర పథకం) ఒక్కో పిల్లకి మినహాయించిన 2,000లో మా బడి నిర్వహణకి ఎంత ఇచ్చారు. "ఎందుకు ఇవ్వలేదు" అని మాత్రం రాయకండి, అది సమాచారం కిందకి రాదని తిప్పి పంపుతారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. చివరి ప్రశ్న వదలొద్దు. మీ 41 మందికీ పథకం అంది ఉంటే మినహాయించింది 82,000, మీ గ్రాంటుకి మూడు రెట్లకు పైనే.

జవాబులు చేతికొచ్చాక సోమవారం కర్నూలు కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లండి. అర్జీ ఒక్క పేజీ, జతగా తీర్మానం, యూడైస్ ప్రింటు, ఆర్టీఐ జవాబు. రసీదు నంబరు తీసుకోకుండా రావద్దు. "కొత్త టీచర్ వచ్చేదాకా ఆగండి" అంటే, అంతదాకా మిగులు టీచర్లున్న బడి నుంచి సర్దుబాటు చేయమని అక్కడికక్కడే రాతపూర్వకంగా అడగండి. చాలా బడుల్ని ముంచే సర్దుబాటే మీకు పనికొచ్చే చోటు ఇది.

సుగ్గి సంగతి వేరే పెట్టుకోండి. దీపావళి దాటాక కుటుంబాలు గుంటూరు వైపు పత్తి, మిరప కోతలకి కదిలితే పిల్లలూ వెళ్లిపోతారు. సెప్టెంబరు లెక్కలో పేరుంటుంది, డిసెంబరులో మనిషి ఉండరు, ఏప్రిల్‌లో తిరిగొచ్చేసరికి పాఠాలు అయిపోతాయి. పిల్లల్ని ఊళ్లోనే ఉంచి చదివించడానికి సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్ పెట్టించుకోవచ్చు. దానికి వెళ్లబోయే కుటుంబాల జాబితా, అవ్వాతాతల దగ్గరైనా వదలలేని పిల్లల పేర్లతో సహా, అక్టోబరు మొదట్లోనే ఎంఈఓకి ఇవ్వాలి. కుటుంబాలు బండి ఎక్కాక ఇచ్చే జాబితాతో ఎవరికీ ఉపయోగం లేదు, మంజూరయ్యేసరికి సంక్రాంతి వస్తుంది.

ఐదు అయిపోయిన ఆడపిల్లలకి హైస్కూలు దూరమైతే రవాణా భత్యం అడగండి. సమగ్ర శిక్షలో ఏడాదికి 6,000 దాకా ఉంది, హెచ్‌ఎం పేర్లు పంపితేనే వస్తుంది. ఎనిమిదిలో ఉన్న అన్నలు, అక్కల చేత ఎన్‌ఎంఎంఎస్ (పేద పిల్లలకి కేంద్రం ఇచ్చే ప్రతిభా స్కాలర్‌షిప్) పరీక్ష రాయించండి. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండి, సర్కారు బడిలో చదువుతూ, అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000. ఏటా ఈ రాష్ట్రానికి 4,087 సీట్లున్నాయి. గురుకులాల పిల్లలకి ఇది వర్తించదు, కాబట్టి పోటీ మీలాంటి బడుల మధ్యే.

ఒక జాగ్రత్త. ఇదంతా హెచ్‌ఎం మీద ఫిర్యాదులా కనబడకూడదు. ఉన్న ఆ ఒక్క టీచరూ విసిగిపోయి బదిలీకి పెట్టుకుంటే మీ చేతిలో ఏమీ మిగలదు. ఆర్టీఐ వేసే ముందు ఆయనకో ఆమెకో చెప్పండి. మరుగుదొడ్డి గడి సరిచేసినందుకు ఆఫీసు నుంచి మాట వస్తే ఎస్‌ఎంసీ తీర్మానం చేసి ఇచ్చిందని చూపించుకునేలా కాగితం వాళ్ల చేతికివ్వండి. కమిటీ గడువు రెండేళ్లే కాబట్టి తీర్మానాలు, రసీదులు, జవాబులు అన్నీ రెండు ఫైళ్లు చేసి, ఒకటి బడి బీరువాలో, ఒకటి మీ ఇంట్లో పెట్టుకోండి.